పనసచెక్క వ్యాన్‌లో పాపికొండలకి

మా బావగారికి ప్రకృతి మీద ప్రేమ యాభై ఆరో ఏట పుట్టింది. అప్పటిదాకా ఆయనకి చెట్టంటే కొబ్బరిచెట్టు, కొబ్బరిచెట్టంటే అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో లోడయ్యే లారీ. ఒక వేసవిలో మోకాలి నొప్పితో రెండు వారాలు మంచం మీద ఉండి, ఎవరెవరో వ్యాన్లలో కాపురాలు పెట్టుకుని కొండలూ అడవులూ తిరగడం ఫోన్లో చూశారు. మోకాలు నయమైంది. ఆ పిచ్చి మాత్రం ఉండిపోయింది.

"మనదీ ఒక బతుకేనా? ప్రకృతి ఒడిలో బతకాలిరా," అన్నారు ఓ సాయంత్రం, కొబ్బరితోటకీ కాలువకీ మధ్యనున్న అరుగు మీద కూర్చుని.

"ఆయ్, నిజమే అన్నయ్యా," అన్నారు మావారు. అన్నగారి ముందు మావారికి వచ్చిన భాష అంతే.

పెళ్ళివాళ్ళని మోసి మోసి అలిసిపోయిన పాత వ్యాన్ ఒకటి కొన్నారు. లారీలకి బాడీలు కట్టే షెడ్డుకి తోలుకెళ్ళి, మేస్త్రీకి ఫోన్లో వీడియో చూపించి, అలా కావాలన్నారు. ఆయన శ్రద్ధగా చూసి, తనకి తెలిసిందే కట్టాడు. లోపల పొయ్యి, సింకు, పైన నీళ్ళ ట్యాంకు అన్నీ అమరాయి గానీ, అడుగున ఇనప చట్రం మాత్రం కొబ్బరికాయల లోడు మోయడానికి సరిపడేది.

దొడ్లో వ్యాన్‌కి చోటు చాలక పనసచెట్టు కొట్టించారు. కొట్టిన చెట్టు వృథా కాకూడదని దాని చెక్కతోనే వ్యాన్‌లోకి పెద్ద మంచం చేయించారు. అడవిని చూడ్డానికి చెట్టు కొట్టుకుని బయల్దేరుతున్నామని ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నేను బడిలో సైన్సు చెబుతాను. ఏటా పిల్లల చేత అట్టల మీద 'చెట్లను కాపాడుదాం' అని రాయించి ఊరంతా తిప్పుతాను. ఆ రోజు మాత్రం చివరి కాయ తొనలు తిని, బావున్నాయని చెప్పి, జిగురు పోవడానికి చేతులకి నూనె రాసుకున్నాను.

పాపికొండల నేషనల్ పార్కుకి ప్రయాణం. బావగారు, ఆయన భార్య అయిన మా తోడికోడలు, మా అత్తగారు, మావారు, నేను. ఉదయం సామాను సర్దుతుంటే, తోడికోడలు వెట్ గ్రైండర్ ఎత్తించడం చూశాను.

"అదెందుకక్కా?" అన్నాను.

"రేపొద్దున్న అట్లు వెయ్యొద్దా? అడవైతే మాత్రం టిఫినుండదా?" అంది.

రావులపాలెం, రాజమండ్రి బాగానే దాటాం. దారి పొడుగునా బావగారు ఒక చేత్తో స్టీరింగూ, ఒక చేత్తో ఫోనూ పట్టుకుని వీడియో తీసుకుంటూ మాట్లాడుతూనే ఉన్నారు. రంపచోడవరం తర్వాత ఎత్తు మొదలయ్యేసరికి వ్యాన్ మూలిగింది. రెండో మలుపులో ఆగిపోయింది.

"కాస్త దిగాలండీ అందరూ, బరువెక్కువైంది," అన్నారు బావగారు.

దిగాం. మావారూ నేనూ వెనక నుంచి తోశాం. తోడికోడలు చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నడిచింది. అత్తగారు మాత్రం దిగలేదు. పనస మంచం మీద కాళ్ళు చాపుకుని, వెనక అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ ఊరేగింపులో దేవుడిలా కొండెక్కారు.

చెక్‌పోస్టు దగ్గర గార్డు వ్యాన్ లోపలికి తొంగి చూశాడు.

"గ్యాస్ బండతో లోపలికి పోకూడదు సార్. వంట చెయ్యకూడదు, రాత్రి ఉండకూడదు."

"ఇది క్యాంపర్ వ్యానండీ! ఉండడానికే కట్టించేం!"

"అందుకే చెప్తున్నా సార్."

తానెవరో, తనకి ఎవరెవరు తెలుసో బావగారు చెప్పడం మొదలుపెట్టారు. గార్డు ఓపిగ్గా విన్నాడు. తెలిసినవాళ్ళలో ఒకాయనకి ఫోన్ చెయ్యబోతే సిగ్నల్ లేదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరిగారు, చెట్టు మొద్దెక్కి కూడా చూశారు. చివరికి గార్డే జాలిపడి, వెనక్కి కొద్ది దూరంలో ఓ కాలనీ ఉందనీ, అక్కడ వ్యాన్ పెట్టుకుని, పొద్దున్న బండ దించేసి వస్తే పగలంతా తిరగొచ్చనీ చెప్పాడు.

అవి డ్యాము నీళ్ళలో నది ఒడ్డు ఊళ్ళు మునుగుతాయని ఖాళీ చేయించినవాళ్ళకి కట్టించిన ఇళ్ళు. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. చివరింటి ముందు నలభై ఐదేళ్ళుంటాయేమో, ఒకామె చింతపండు గింజ తీస్తోంది. వ్యాన్ పెట్టుకోవచ్చా అని అడిగితే తలూపింది. తలుపు తీసి సామాను దింపుతుంటే లేచి వచ్చి, పొయ్యినీ, మంచాన్నీ, మంచం మీద అత్తగారినీ మార్చి మార్చి చూసింది.

"మీ ఊరూ మునిగిందా?" అంది.

"అబ్బే, లేదమ్మా. మాది అమలాపురం దగ్గర," అన్నారు బావగారు.

"ఇల్లు పడగొట్టారా?"

"ఇల్లుందమ్మా. పెద్ద డాబా!"

"మరి మంచం, పొయ్యి, ముసలామెతో సహా ఎత్తుకొచ్చారేం?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "ప్రకృతిలో బతుకుదామనమ్మా. నాలుగు రోజులు."

ఆమె వెనక కొండల వైపు ఒకసారి చూసింది. "మేం బతికాం. కుదరదన్నారు," అంది. గొంతులో కోపం లేదు. కబురు చెప్పినట్టు చెప్పింది.

నేను గ్రైండర్ మీద దుప్పటి కప్పాను. ఎందుకు కప్పానో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

అత్తగారే కాళ్ళు ముడుచుకుని, "ఇలా వచ్చి కూర్చోమ్మా," అని పక్కన చోటు చూపించారు. ఆమె కూర్చుని, చెక్క మీద చెయ్యి వేసి రాసి చూసింది.

"పనసా?"

"పనసే."

"మాకూ ఉండేది, ఇంటెనక. మేం వచ్చేసేటప్పుడు కాయలతో ఉంది. నీళ్ళలో పోయింది."

"మాది నీళ్ళు రాకుండానే పోయిందమ్మా," అన్నారు అత్తగారు.

బావగారు టైర్లలో గాలి చూడ్డానికి అవతలికి వెళ్ళిపోయారు. చాలాసేపు చూశారు.

మర్నాడు బండ ఆమె ఇంట్లో పెట్టి పార్కులోకి వెళ్ళాం. కొండలు నిజంగా బావున్నాయి. మబ్బు కిందికి దిగి చెట్ల మధ్య తిరుగుతోంది. కింద ఎక్కడో గోదావరి సన్నగా కనిపిస్తోంది. మా వైపు అంత వెడల్పున్న నది ఇక్కడ ఇంత ఇరుగ్గా పోవడం చూస్తే ముచ్చటేసింది. కానీ ఎక్కడ నిలబడినా ముందు బావగారు నిలబడి వీడియో తీసుకుంటున్నారు.

"కొండలు బాగున్నాయిరా. నీ తలకాయ కాస్త పక్కకి జరుపు," అన్నారు అత్తగారు.

నాలుగు రోజులనుకున్న ప్రకృతి ఆ మధ్యాహ్నానికే అయిపోయింది. ముందు రాత్రి కాలనీలో బావగారికి ఫ్యాన్ లేక నిద్ర పట్టలేదు, తోడికోడలికి దోమలు. బండ తీసుకుని బయల్దేరుతుంటే అత్తగారు ఆమెని, ఏం పంపమంటావని అడిగారు.

"కొబ్బరికాయలు పంపండి. ఇక్కడ మంచివి దొరకవు," అంది.

"లారీ లోడు పంపిస్తానమ్మా!" అన్నారు బావగారు, కిటికీలోంచి.

ఇంటికొచ్చాక ఈ ప్రయాణం పెరిగింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో బావగారు చెప్పగా చెప్పగా మేం అడవి నడిమధ్య మూడు రాత్రులున్నాం, పులి గాండ్రింపు విన్నాం. మేం విన్నది కాలనీలో పక్కింటి టీవీ. "ఏమ్మా, విన్నావు కదా?" అని ఆయన నా వైపు తిరిగితే, "దూరంగా వినిపించిందండీ," అన్నాను ఒకటికి రెండుసార్లు. వ్యాన్‌లో ఇప్పుడు ఎండుకొబ్బరి బస్తాలు పెడుతున్నారు.

రోజూ మా కళ్ళముందే వేరే రాష్ట్రాలకి లారీలు వెళ్ళాయి. ఆ కాలనీకి మాత్రం ఒక్క కాయా వెళ్ళలేదు. అత్తగారు వారం వారం అడిగారు. "పంపుతాం," అన్నాం అందరం. చివరికి ఒక ఆదివారం తెల్లారేసరికి ఆవిడే ఒక గోనెసంచి నింపించి, మూతి కుట్టించి, మావారినీ నన్నూ బస్సెక్కించారు. ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కడా ఆగలేదు. కిటికీలోంచి కొండలు పూర్తిగా కనిపించాయి.

ఆమె ఇంటి దగ్గరే ఉంది. సంచి విప్పి, ఒక కాయ చెవి దగ్గర ఆడించి చూసి, "పెద్దామె రాలేదే?" అంది. మోకాళ్ళ నొప్పులని చెప్పాం. లోపలికి వెళ్ళి చింతపండు ముద్ద ఒకటి ఆకులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆవిడకి," అంది. నేను సంచిలో పెట్టుకుంటుంటే మళ్ళీ అంది, "మీకు కాదు, ఆవిడకి."