కొంగున కట్టిన తాళంచెవి

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ, కొంగుకు కట్టిన తాళంచెవిని మాటిమాటికీ తడుముకుంటోంది.

"ఇయ్యాల మా ఊర్లె కరోనా సూదులేస్తున్నరక్కా. మా అత్తను లోపట పెట్టి బయట తాళమేసి అచ్చిన. సూదేసేటోళ్లు ఎవ్వలు లేరనుకొని పోతరు," అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "సూదేసుకున్నోళ్లు రెండేండ్లల్ల సస్తరట గదా, నిజమేనా?"



"మా అమ్మను నేను గూడ గట్లనే లోపట పెట్టి తాళమేసిన," అన్నాను. "సూది రాలే. జరమచ్చింది."

"ఇప్పుడెట్లున్నది?"

ఆమె నా మొహం చూసి, బెదిరిపోయి లేచింది.

"ఆపన్నా, జెర ఆపు!"

"సిరిసిల్ల టికెట్ తీస్కోని కొండగట్టు కాడ దిగుడేందమ్మా? అంజన్న సామి పిలిచిండా?" అన్నాడు కండక్టరు.

ఆమె దిగింది. తాళంచెవిని పిడికిట్లో బిగించి రోడ్డు దాటింది. జగిత్యాల బస్సు కోసం నిలబడింది. వేళకు చేరిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేను బయటికి వెళ్లేటప్పుడు తలుపుకు గొళ్లెం మాత్రమే పెడతాను. లోపల ఎవరూ లేరు.