నక్కబొరియ పీపాలో గులకరాళ్ళు

మా ఊళ్ళో క్లోతీల్డ్‌ని ఎవరూ పిసినారి అనరు. కొలత తెలిసిన మనిషి అంటారు. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవాలంటే ఆవిడ ఇంట్లో ఒకసారి కాఫీ తాగాలి.

మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. మొగుడు పోయినప్పటినుంచీ ద్రాక్షతోటల పని, నేలమాళిగలో పీపాల పని అన్నీ ఆవిడే లాక్కొస్తోంది. రోడ్డు పక్కన బంకమట్టి నేల ఒకటుంది. దాన్ని దిగువచెక్క అంటాం. పైన అడవి అంచున, రాళ్ళ మధ్య ఉన్న తోట పేరు నక్కబొరియ. దిగువచెక్క వైన్ సీసాల మీద ఊరి పేరు తప్ప మరేమీ ఉండదు. నక్కబొరియకి మాత్రం అత్తగారి అత్తగారి కాలం నుంచీ దాని పేరు దానికే ఉంది.

ఆ ఏడు ఆకాశం మా మీద పగబట్టింది. చిగుళ్ళని మంచు మాడ్చింది. పూత మీద వాన కురిసింది. వాన వెనకే బూజు తెగులు వచ్చింది. మిగిలిన గుత్తులు ఎలాగో రంగు తిరుగుతున్నాయి కదా అనుకునేసరికి వడగళ్ళు పడ్డాయి. కోతకి వెళ్ళినవాళ్ళం బుట్ట అడుగు కనపడకుండా చెయ్యడానికే నానా తంటాలు పడ్డాం. నక్కబొరియ నుంచి క్లోతీల్డ్‌కి దక్కింది ఒకే ఒక్క పీపా.

ఒక్క పీపాతో పెద్ద చిక్కుంది. చెక్క కూడా వైన్ తాగుతుంది. అది తాగిన మేరకి మనం పైనుంచి నింపుతూ ఉండాలి. లేకపోతే గాలి చేరి వైన్ కాస్తా వెనిగర్ అయి కూర్చుంటుంది. మామూలు ఏడాదిలో పక్క పీపాలోంచి తీసి పోస్తాం. పక్క పీపా లేకపోతే? దిగువచెక్కది కలిపి నక్కబొరియ పేరు పెట్టుకోవడానికి క్లోతీల్డ్‌కి మనసొప్పదు. అందుకని అత్తగారు నేర్పిన ఉపాయం పట్టుకుంది. నదిలోంచి నున్నటి చెకుముకి గులకరాళ్ళు ఏరి తెచ్చి, మరగబెట్టి, చల్లార్చి, పీపా పైనున్న బెజ్జంలోంచి ఒక్కొక్కటే జారవిడిచేది. రాయి మునిగితే వైన్ పైకొస్తుంది.

బోన్ పట్నంలో భోజనశాల నడిపే మదామ్ లుయిలియే ఏటా ఈస్టర్ ముందు వచ్చి, రుచి చూసి, నచ్చితే నక్కబొరియ మొత్తం తనే తీసుకుంటుంది. నచ్చలేదంటే దాన్ని దిగువచెక్కలో కలిపెయ్యాల్సిందే. ఆ ఏడు ఆ పేరుతో లోకంలో ఒక్క సీసా ఉండదు.

"నా చేతుల్లో ఆ పేరు పోయిందంటే మా అత్తగారు సమాధిలోంచి లేచొచ్చి నన్ను కడిగేస్తుంది" అనేది క్లోతీల్డ్. ఆ అత్తగారు నాకూ గుర్తే. లేచొచ్చే రకమే.

చలి తగ్గాక ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ఒకరి నేలమాళిగకి ఒకరం వెళ్ళి కొత్త వైన్ రుచి చూడటం మా ఆనవాయితీ. ఎవరూ వద్దనడానికి వీల్లేదు. నోట్లో తిప్పి నేలమీది కంకర్లో ఊసెయ్యాలి, గ్లాసులో మిగిలింది తిరిగి పీపాలో పొయ్యాలి. క్లోతీల్డ్ మరిది ఫిర్మేన్‌కి మాత్రం ఈ రెండు అలవాట్లూ లేవు. ఊరి మొత్తానికి గట్టి నాలుక అతనిది, రుచి చెప్పడంలోనూ, కబుర్లు చెప్పడంలోనూ.

క్లోతీల్డ్ వంతు వచ్చిన ఆదివారం అందరం చేరాం. ఆవిడ చీజ్ బన్నులు పంచిపెట్టి, పీపాలోంచి వైన్ తీసే గాజుగొట్టం తీసుకుని, గోడవైపున్న నక్కబొరియ పీపా దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళి, ఇటు పక్కనున్న దిగువచెక్క పీపాలో ముంచింది. నేను చూశాను. చూసి బన్ను నమిలాను.

"ఇది నక్కబొరియ" అంది గ్లాసుల్లో పోస్తూ. 

ఫిర్మేన్ వాసన చూశాడు, కళ్ళు మూశాడు, మింగాడు. "ఏం మెత్తదనం, వదినా. చెర్రీపళ్ళ బుట్టలో తల పెట్టినట్టుంది. ఇంకొంచెం పొయ్యి."

"నీ గ్లాసుకి చిల్లుపడిందా, ఫిర్మేన్?"

"గ్లాసుకి కాదు, గొంతుకి."

తక్కినవాళ్ళూ తలలూపారు. పొగడ్తలు పెరిగేకొద్దీ క్లోతీల్డ్ మొహం పుల్లబడింది. ఇంకెవరికీ బన్నులు కూడా ఇవ్వలేదు.

ఈస్టర్ వారం వచ్చింది. రేపు మదామ్ లుయిలియే వస్తుందనగా మధ్యాహ్నం క్లోతీల్డ్ మా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"సీమోన్, క్రిస్మస్ నుంచీ నేను ఆ పీపా రుచి చూడలేదు."

"నువ్వు కూడానా?"

"ఒక్కో గుక్కకీ ఒక రాయి వెయ్యాలి కదా. ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తే నోట్లో పులుపు తప్ప ఏమీ తెలియట్లేదు. భయానికి నాలుక పనిచెయ్యడం మానేసింది."

నేను వెళ్ళి చూశాను. నాకూ పులుపే తగిలింది, వెనక ఇంకేదో ఉన్నట్టే ఉంది, కానీ ఇదీ అని చెప్పలేకపోయాను. అది చెప్పగల నాలుక ఊళ్ళో ఒకటే. అడగాలంటే, అతను పొగిడిన నక్కబొరియ నక్కబొరియే కాదని ముందు ఒప్పుకోవాలి. ఊరందరికీ చాటింపు వేసే మనిషి దగ్గర. క్లోతీల్డ్ ఏప్రన్ అంచు మెలిపెట్టి, విప్పి, మళ్ళీ మెలిపెట్టి, చివరికి, "పిలువు" అంది.

ఫిర్మేన్ వచ్చాడు. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి, పీపాతో చెప్పినట్టు చెప్పింది. "ఆవేళ నేను పోసింది ఇది కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"దిగువచెక్కలో నేనూ పాకే వయసునుంచీ పెరిగాను, వదినా. నాకు తెలీదా? అందరికీ తెలుసు. సీమోన్‌ని అడుగు."

నేను పీపా కట్లు చూస్తూ ఉండిపోయాను.

"మరి ఆ పొగడ్తలన్నీ ఏమిటి?"

"నిజాలే. పాపం దిగువచెక్కని ఎప్పుడూ ఎవరూ ఒక మంచిమాట అనరు. సందు దొరికింది, అన్నాం. అయినా నా వంతు ఆదివారం మా ఇంట్లో నీకు మా పైతోట వైన్ పోశాననుకుంటున్నావా ఏమిటి?"

"బాగుందని నీకు చెప్పాను కూడా కదరా, దొంగా" అంది క్లోతీల్డ్. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం చూశాను.

గాజుగొట్టం ఈసారి సరైన పీపాలోకి దిగింది. ఫిర్మేన్ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాసన చూశాడు. నోట్లో తిప్పాడు. చెర్రీలనలేదు, బుట్టలనలేదు. నోట్లోది కంకర్లో ఊసి, తిరిగొచ్చి, గ్లాసులో మిగిలింది ఒక్క చుక్క ఒలకకుండా పీపాలో పోసేశాడు.

మేమిద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అతను జన్మలో అలా పోసి ఎరగడు.

"పులుపు పోతుంది. దాని కిందున్నది ఉంటుంది" అన్నాడు. "ఎవరినీ ముట్టుకోనివ్వకు. నన్ను కూడా." అంటూనే జేబులోంచి తెల్లటి రాయి తీసి బెజ్జం మీదికి వంగాడు.

క్లోతీల్డ్ అతని మణికట్టు పట్టేసుకుంది. "ఎక్కడిదిది?"

"మా తోటలోది. శుభ్రంగా కడిగాను."

"ఇది సున్నపురాయి, మహానుభావా. లోపల పడిందంటే నా పులుపంతా తినేస్తుంది."

"ఈ ఏడు తినాల్సినంత ఉందిగా, తిననీ."

చేతిమీద ఒక దెబ్బ పడింది. రాయి కిటికీ గట్టు మీదికి పోయింది.

మర్నాడు మదామ్ లుయిలియే వచ్చింది. తక్కువ మాటల మనిషి. నక్కబొరియ నోట్లో చాలాసేపు ఉంచుకుని ఊసింది. "ముభావంగా ఉంది. కొన్నేళ్ళు నిద్రపోనివ్వాలి. తీసుకుంటాను" అంది. క్లోతీల్డ్ ఊపిరి వదిలిన చప్పుడు నాదాకా వినపడింది.

మదామ్ గ్లాసు మాత్రం కింద పెట్టలేదు. "కానీ మీ మరిదిగారు మా హోటల్లో కూర్చుని, మీ నక్కబొరియ చెర్రీపళ్ళలా మెత్తగా ఉందని రెండు బల్లలకి వినపడేలా చెప్పారు. అది ఇది కాదే. ఆ పీపా ఏది?"

ఫిర్మేన్ కప్పు వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. క్లోతీల్డ్ చెవులదాకా ఎర్రబడి, వేలితో ఇటుపక్క చూపించింది. మదామ్ రుచి చూసింది, తన మానాన తను చిన్నగా నవ్వుకుంది. "వేసవిలో నాకు ఇదే కావాలి. ఇదీ తీసుకుంటాను. దీని పేరేమిటి?"

"దీనికి పేరు లేదు. దిగువచెక్క అంటాం."

"అయితే సీసాల మీద అదే రాయించండి."

తర్వాతి ఆదివారం మళ్ళీ ఫిర్మేన్ నేలమాళిగలో చేరాం. అతను గాజుగొట్టం పట్టుకుని ఇటువైపున్న మామూలు పీపా దగ్గరికి నడుస్తుంటే క్లోతీల్డ్ అడ్డం వచ్చి, ఏప్రన్ జేబులోంచి నున్నటి నదిరాయి ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

"మరగబెట్టే తెచ్చాను. ఇప్పుడు గోడవైపున్న నీ పైతోటదాంట్లోంచి పొయ్యి."