క్యాన్సర్ కణానికి గంజి

ఆ కాలంలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (ఎమ్మెస్సీ రెండో ఏట చాలామందికి అలాగే ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది.) తొంభైల మొదట్లో పుణె నుంచి సెలవులకు సోలాపూర్ వచ్చి, అశోక్ చౌక్ వెనక మా సందులోకి తిరిగానంటే సాంచల (మరమగ్గాల) చప్పుడు నన్ను మోసుకుపోయేది. పొద్దుటి ఎండలో సందు పొడుగునా పరిచిన పడుగు, దానికి కుంచెతో గంజి పట్టిస్తూ అటూ ఇటూ నడిచే మా మేనత్త భర్త, మామ, తడి నూలు మీద సన్నగా వణికే వెలుతురు. అన్నీ నీళ్ల అడుగున జరుగుతున్నట్టుండేవి. ఇప్పటికీ కలలో ఆ సందు వస్తే గంజి వాసన ముందు వస్తుంది, మనుషులు తర్వాత వస్తారు.

ఆ ఏడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మా మేనత్తకు రొమ్ములో గడ్డ తీసేశారు. మిగిలిందేమైనా ఉంటే చావాలని మూడు వారాలకొకటి చొప్పున ఆరు సూదిమందులు రాశారు. రెండు అయ్యాయి. జుట్టు రాలింది, ఒళ్లంతా మంట, అన్నం పొంగుతుంటే ఆ వాసన పడక లేచి వాకిట్లోకి వచ్చేది. రెండోది కాగానే బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ తలెత్తకుండా చెప్పేసింది: "ఇగ నేను పోను. సచ్చినా మంచిదే."

మా నాన్న (బాపు అనేవాళ్లం) నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు సదువుతున్నది గదే గదరా. జర అత్తను సమ్‌జాయించు."

నాకు కావలసింది అదే. ఆ ముందు నెలే కాలేజీలో ఈ విషయం మీద సెమినార్ ఇచ్చి ఉన్నాను. (విన్నవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు తర్వాతి సెమినార్‌వాళ్లు.) చాట ముందు కూర్చుని కణం, ప్రోటీన్, ఒత్తిడి అంటూ మొదలుపెట్టాను. అత్త బీడీలు చుడుతూనే ఉంది. పావుగంటకు ఆవలించింది. అప్పుడు వాకిట్లో మామ కుంచె కనిపించి నాకు జ్ఞానోదయమైంది.

"అత్తా, గంజి లేని పోగును సాంచ మీదికి ఎక్కిస్తే ఏమైతది?"

"తెగుతది. గదేం ప్రశ్నరా?"

"మన ఒంట్ల కణాలు గూడ గంతే. వేడి తగిలినా విషం తగిలినా తెగకుంట లోపల గంజి అసుంటిది తయారుచేసుకుంటయి. క్యాన్సర్ కణం ఇంకా హుషారు. ఎప్పుడూ గంజి పట్టించుకునే ఉంటది. అందుకే ఓ పట్టాన సావది. నడుమల సూదులు బంద్ చేస్తే మిగిలినయి మల్ల లేస్తయి."

అత్త చేతులు ఆగాయి. "అబ్బో! గంజి మీదనా దాని బతుకంత?" అంది. నా బోధనా సామర్థ్యానికి నేనే కాస్త కదిలిపోయి, సాయంత్రం బాపుతో "అయిపోయింది, ఒప్పుకున్నది" అని చెప్పి స్నేహితులతో తిరగడానికి వెళ్లిపోయాను.

అయింది నిజమే. ఆమె ఒప్పుకున్నది మాత్రం వేరే. మర్నాటి నుంచి అత్త గంజి మానేసింది. గంజి వచ్చేది అన్నం నుంచి కాబట్టి అన్నం, చిక్కగా ఉంటుంది కాబట్టి అంబలి, మెత్తగా ఉంటుంది కాబట్టి ఆలుగడ్డ. పక్కింటి బీడీల ఆడవాళ్లు ఆ జాబితాను శ్రద్ధగా పెంచారు. గంజి పెట్టిన చీరతో వచ్చినామెను గడప దగ్గరే ఆపేశారు. మామ గంజి గిన్నె నాలుగిళ్ల అవతలికి వెళ్లిపోయింది. ఇదంతా నాకు తెలియదు. నేను ఇంట్లో పడుకోవడానికి మాత్రమే ఉండే రకం.

మూడో సూదికి బయల్దేరే పొద్దున అత్త మంచం మీంచి లేవలేకపోయింది. ముఖం పాలిపోయింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మెల్లగా అంది, "సూది ఎందుకు బిడ్డా? గంజి బంద్ చేసిన. అదే తెగుతది."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "అత్తా, అట్ల కాదు! ఆకలి గూడ దెబ్బనే. దెబ్బ తగిలితే అవి ఇంకా గట్టిపడొచ్చు. నువ్వు చిక్కిపోతే డాక్టర్ సూదియ్యడు. నువ్వు తినాలె!"

"మొన్న ఒకటి చెప్పినవ్, ఇయ్యాల ఒకటి చెప్తున్నవ్. పరీక్షల గూడ గిట్లనే రాస్తవారా?"

వాకిట్లో ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె అటు తిరిగి పడుకుంది. సూదికి వెళ్లదు, అన్నం తినదు; రెండూ నా పుణ్యమే.

అప్పుడు మామ వచ్చాడు. (రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడని మనిషి, వాటిలో రెండు పోగుతో.) చేతిలో కుంచె అలాగే ఉంది.

"ఏమే, నువ్వు తినుడు బంద్ చేస్తే నూలుకు పట్టిన గంజి పోతదా?"

"మరెట్ల పోతది?"

"చద్దర్ నేసినంక ఏం చేస్తం? ఉడకవెడ్తం. గప్పుడు ఊడుతది. ఆ సూది గదే పని చేస్తున్నది. నీ ఒళ్లు మండుతలేదా?"

అత్త ఇటు తిరిగింది. "గందుకేనా ఇంత మంట?"

"గందుకే."

శాస్త్రం చదివినవాడిగా నేను చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ సూది గంజిని ఊడదీసేది కాదు, పోగును తెంపేది. మంట వేరు, అది మంచి కణాలకు తగిలే దెబ్బ. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అత్త తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది, ఇన్నాళ్లకు ఆ మంట దేనికో తెలిసినట్టు. మామ నావైపు చూశాడు. ఆయన ముఖంలో సిద్ధాంతమేమీ లేదు. భయం ఉంది, అంతే. నేను నోరు మూసుకున్నాను.

కాసేపటికి అత్త, "ఓ గిలాసెడు గంజి తేరా. ఉప్పేసి తే" అంది.

వారం రోజులు తిని, మూడోది వేయించుకుంది. తర్వాత మూడూ వేయించుకుంది. నేను తోడు వెళ్లినప్పుడల్లా, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒళ్లో గిన్నె పెట్టుకుని, వాంతికీ వాంతికీ మధ్య నా మోచెయ్యి పట్టుకుని "ఊడుతున్నదిరా, మంచిగ ఊడుతున్నది" అనేది. నేను "అవునత్తా" అనేవాణ్ణి. ఆ తర్వాత చాలా ఏళ్లు బీడీలు చుట్టింది, నన్ను వెక్కిరించింది.

ఇప్పుడు కాలేజీలో ఆ పాఠం నేనే చెబుతున్నాను. ఆ గంజిని ముందు ఊడదీసి, ఆ తర్వాత దెబ్బ కొట్టే మందుల కోసం పెద్దపెద్దవాళ్లు ఇంకా వెతుకుతున్నారని చెబుతూ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తాను. పిల్లలు నేను మర్చిపోయాననుకుంటారు. నేను చూసేది ఆటోలో గిన్నె పక్కన కూర్చున్న ఇరవై రెండేళ్ల సర్వజ్ఞుణ్ణి. అంతకుముందు గానీ తర్వాత గానీ వాడు అంతసేపు నోరు మూసుకుని ఉండటం నేనెరగను.