బంగళా వెనక తలుపు

మా ఆఫీసు బర్మాలో, నగరం నడిబొడ్డున ఉన్న చౌక్తడా పేటలో, ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. రెండు బల్లలు, ఒక ప్రింటరు, అంతే. పెళ్ళి కాగితాలు, జనన పత్రాలు, వాఙ్మూలాలు బర్మీ నుంచి ఇంగ్లీషులోకి మార్చి ఇస్తాం. మన తెలుగువాళ్ళెవరైనా వస్తే ఆ పని నాది. మొన్న వానలకు పైకప్పు కారుతోందని పనివాళ్ళు వచ్చి, ఏళ్ళ తరబడి మూసి ఉన్న మూడో అంతస్తు గదులు తెరిచారు. నేను టీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. పైనుంచి గబ్బిలాల కంపు మెల్లగా దిగివచ్చింది. ముక్కిన కర్ర, పాత సున్నం, వాటి మీద ఆ ఘాటు. గ్లాసు కిటికీ గూట్లో పెట్టేసి గోడకు ఆనుకున్నాను. పక్క బల్ల దగ్గరి కుర్రాడు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ వాసన నాకు ఒక మనిషిని గుర్తుకు తెస్తుందనీ, ఆమె పేరు కొండమ్మ పెద్దమ్మనీ, ఆమె ముందు ఒకసారి నేను అబద్ధమాడి దొరికిపోయాననీ అతనికి ఎలా చెప్పను?

ఆమెను నేను మొదటిసారి చూసింది ఎదురుతిరిగిన జనం మీద సైన్యం వీధుల్లో కాల్పులు జరుపుతున్న రోజుల్లో. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నేను గుంపులో ఉన్నవాణ్ణి కూడా కాదు. అహ్లోన్‌లో ఆఫీసు పని మీద ఒకాయనకు కాగితాలు ఇచ్చి వస్తున్నాను. మలుపు తిరిగేసరికి జనం ఎదురు పరుగెత్తి వస్తున్నారు, వాళ్ళ వెనక లారీల చప్పుడు. నేనూ వెనక్కి తిరిగి పరుగెత్తాను. ఏటి వైపు పోయే ఒక ఇరుకు సందులోకి దూరాక అది మూసుకుపోయిన సందని తెలిసింది. ఒక పక్క ఎత్తైన ఇటుక గోడ, ఇంకో పక్క మురిక్కాలువ. వెనక్కి తిరగబోతుంటే గోడలో ఒక చిన్న తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి నా చొక్కా పట్టి లోపలికి లాగింది. నా వెనక వస్తున్న మరో ఐదారుగురు కూడా లోపలికి వచ్చాక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

అది ఒక పెద్ద బంగళా వంటింటి వెనక ఉన్న సామాన్ల గది. చీకటి, గబ్బిలాల కంపు. తలుపు తీసినావిడ అరవై ఏళ్ళు దాటిన మనిషి. బర్మావాళ్ళలా నడుముకు తమేన్ చుట్టుకుంది, నుదుట మాత్రం ఇంత పెద్ద కుంకుమ బొట్టు. గోడకవతల బూట్ల చప్పుడు ఆగింది. ఎవరో తుపాకీ మడమతో గోడను తడుతూ నడుస్తున్నట్టుంది. ఒక పిల్ల తన చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను కళ్ళు మూసుకుని నాకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు దండకం పెదవులతో అనుకుంటున్నాను. చప్పుడు దూరమయ్యాక ఆవిడ నా వైపు వంగి, "తెలుగోడివా? ఎవరి గుంటడివిరా బావూ?" అని గుసగుసగా అడిగింది. ఆ రోజు చీకటి పడే దాకా మమ్మల్ని కదలనివ్వలేదు. ఒక్కొక్కరినీ వేరువేరుగా పంపింది. నా వంతు వచ్చినప్పుడు, "ఈ తలుపు నువ్వు సూడనేదు. నన్నూ సూడనేదు" అంది.

నేను చూడలేదనే అనుకున్నాను. ఏడాదిన్నర పాటు ఆ వీధికి వెళ్ళలేదు. సైన్యం పట్టుకుపోయేవాళ్ళ జాబితాల్లోకి నా ఈడు కుర్రాళ్ళ పేర్లు ఎక్కుతున్నాయని విన్నప్పటి నుంచి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారి కూడా రోజుకొకటి మార్చేవాణ్ణి. ఒకనాడు ఊ తేన్ అనే పెద్దమనిషి ఆఫీసుకు వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. అహ్లోన్‌లో తమ యజమానికి ఒక పాత బంగళా ఉందనీ, దాన్ని హోటలు చేయబోతున్నారనీ, కట్టించిన ఇంగ్లీషు కుటుంబం తాలూకు ఆడమనిషి చూడటానికి వస్తోందనీ చెప్పాడు. బంగళా కనిపెట్టుకుని ఉండే ముసలావిడకు ఆ ఇంటి పాత సంగతులు తెలుసట. "ఆవిడ తెలుగులో అయితేనే బాగా చెబుతానంటోంది. నువ్వు ఇంగ్లీషులోకి మార్చాలి" అన్నాడు. ఊ తేన్‌కు పెద్ద పెద్ద చోట్ల స్నేహాలున్నాయని మా బజారులో అందరికీ తెలుసు. కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

నన్ను దాచిన ఆ బంగళాను ముందు వైపు నుంచి చూడటం అదే మొదలు. ఎత్తైన స్తంభాలు, పొడవాటి కిటికీలు, ముఖద్వారం మీద సున్నంతో చేసిన ఏదో మృగం తల. వచ్చినావిడ పేరు హెలెన్, యాభై ఏళ్ళుంటాయి. కారు దిగి ముఖద్వారం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత సంచీలోంచి ఒక ఫోటో తీసి నాకు చూపింది. ఇంగ్లండు పల్లెలో పచ్చిక బయళ్ళ మధ్య వాళ్ళ వంశం వారి మేడ. అవే స్తంభాలు, అవే కిటికీలు, అదే మృగం తల, కాకపోతే దీనికి నాలుగింతలు. వాళ్ళ ముత్తాత ఇక్కడ ధాన్యం మిల్లు నడిపాడట. బెంగపడి, తాను పుట్టిన ఇంటి నమూనాలో ఈ బంగళా కట్టుకున్నాడట. మిల్లులో పనిచేసింది మనవాళ్ళే, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు. ఆ మాట హెలెన్ అనలేదు. నాకు తెలుసు, మా తాతగారి నాన్న వాళ్ళలో ఒకడు.

కొండమ్మ పెద్దమ్మ వరండాలో నిలబడి ఉంది. నన్ను చూసింది. ముఖంలో ఏ కదలికా లేదు. "ఈ బాబేనా మాట మార్చేది?" అని ఊ తేన్‌ను బర్మీలో అడిగి, నాకు కొత్తవాడికి పెట్టినట్టు దండం పెట్టింది. ఆ పూట గది గదికీ తిరిగాం. నేల చెక్కలు కొన్ని చోట్ల పుచ్చిపోయాయి. ఆమె ముందు నడుస్తూ, "నా అడుగులో అడుగెయ్యండి" అనేది. పై అంతస్తులో నాట్యాలాడిన గది, దొరసాని గది, పిల్లల గది. పిల్లల గది కిటికీలోంచి ముందు గేటు, దానవతల రోడ్డు తిన్నగా కనిపిస్తాయి. అక్కడ హెలెన్ ఆగి, తమ కుటుంబం అచ్చు వేయించుకున్న వంశ చరిత్ర పుస్తకం తీసి చదివింది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఊళ్ళో గొడవలు జరిగి మన తెలుగు కూలీలను వెంటాడి చంపుతున్న రోజున ముత్తాత స్వయంగా గేటు తెరిచి వంద మందిని కాపాడాడట. ఆ దృశ్యం నూనె రంగుల్లో గీయించి పల్లెలోని మేడలో భోజనాల హాలులో పెట్టుకున్నారట. ఊ తేన్ తల ఊపాడు. ఈ కథ హోటలు గోడ మీద రాయిస్తామన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. కొండమ్మ పెద్దమ్మ కిటికీ వైపు చూస్తూ విన్నది. తర్వాత మొదలుపెట్టింది.

"గేటు తియ్యనేదు బావూ. దొర తాళమేయించీసినాడు. మాయమ్మమ్మ సన్యాసమ్మ ఈ గదిలోనే ఆయా. దొర కొడుకు, మూడేళ్ళ గుంటడు, దాని సంకలో ఉన్నాడు. మా తాత ఆ గేటు కాడే నిలబడి దొరా దొరా అని పిలస్తన్నాడు. ఇది ఈ కిటికీలోంచి సూస్తంది. దొర తియ్యడని తెలిసి, గుంటణ్ణి సంకలో ఏసుకునే కిందకి దిగి, ఊడ్సీవోళ్ళ తలుపు తీసీసింది. సందులోకి వొచ్చినోళ్ళు ఇరవై మందో ఎంతమందో బతికినారు. మా తాత సందులోకి రానేదు. దొర తీస్తాడనే సివరదాకా గేటు కాడే ఉన్నాడు."

ఊడ్చేవాళ్ళ తలుపు. నేను దూరి వచ్చిన తలుపు అదే. ఊ తేన్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషు వస్తుంది. వెనక గోడలో ఒక తలుపుందని నేను ఇంగ్లీషులో అన్న మరుక్షణం అతనికి తెలిసిపోతుంది. ఏడాదిన్నర కిందట ఆ సందులోకి పరుగెత్తిన వాళ్ళు ఏమైపోయారో వెతికినవాళ్ళు అతని స్నేహితులే కావచ్చు. నేను హెలెన్ వైపు తిరిగి, "తన అమ్మమ్మ ఇక్కడ ఆయాగా పనిచేసిందట. ఆ రోజు మీ ముత్తాత దయను వాళ్ళింట్లో ఇప్పటికీ తలుచుకుంటారట" అన్నాను.

హెలెన్ చిరునవ్వు నవ్వింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కొండమ్మ పెద్దమ్మ ఆ నవ్వును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నవ్వతంది" అంది. "నాను సెప్పింది ఇంటే నవ్వదు. ఏటి సెప్పినావు?"

నేను తల వంచుకున్నాను. "పెద్దమ్మా, ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆ తలుపు..."

"తెలుసు. భయమేస్తే నెమ్మదిగా సెప్పు. మార్సకు."

ఊ తేన్ ఏమిటి సంగతి అన్నట్టు కనుబొమలెత్తాడు. అయినా చెప్పాను. ముందు చెప్పింది తప్పని, నాదే తప్పని హెలెన్‌తో అన్నాను. అప్పుడు ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ గేటు తాళం, ఆయా, సంకలో పిల్లవాడు, వెనక తలుపు, గేటు దగ్గర ఉండిపోయిన మనిషి, అన్నీ చెప్పాను. నా ఇంగ్లీషు ఆ రోజంత వణికిన రోజు లేదు.

హెలెన్ ముఖం పాలిపోయింది. కోపం వస్తుందనుకున్నాను. ఆమె కిటికీ గూట్లో కూర్చుని, ఆ పిల్లవాడే తన తాత అంది. పెద్దయ్యాక ఆయన పల్లెలోని అంత పెద్ద మేడలోనూ వంటింటి వెనక తలుపుకు గడియ వేయనిచ్చేవాడు కాదట. ఎందుకని అడిగితే ఆయనకే తెలియదనేవాడట. చాదస్తమని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారట.

"ఆ తలుపు చూపించగలవా?" అని అడిగింది ఊ తేన్ బర్మీలో. కాదు, అడిగింది హెలెన్, ఇంగ్లీషులో. ఊ తేన్ అదే ప్రశ్న బర్మీలో మళ్ళీ అడిగాడు, మెత్తగా. నా జ్ఞాపకంలో ఆ రెండు గొంతులూ కలిసిపోయాయి.

కిందికి దిగాం. సామాన్ల గదిలో పాత బీరువా పక్కన ఆ తలుపు. హెలెన్ చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఊ తేన్ గడియ దగ్గరకు వెళ్ళాడు. వేలితో దాని మీద రుద్దాడు. వేలు పైకెత్తి వెలుతురులో చూసుకున్నాడు. నల్లటి నూనె.

"ఇంత పాత తలుపుకు కొత్త నూనె పడింది, డా కొండమ్మ" అన్నాడు, పెద్దావిడలను బర్మీలో పిలిచే మర్యాదతోనే.

"చెత్త ఇటే పడేస్తాను, ఊ తేన్. ముసలి చేతులు, బిగుసుకుపోతే రాదు" అంది ఆమె బర్మీలో, అసలు తడబడకుండా.

అతను నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. పై కప్పులో గబ్బిలం ఒకటి కదిలి మట్టి రాలింది. అతను జేబురుమాలు తీసి వేలు తుడుచుకుని, మడత పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "టీ తాగుదాం రండి" అన్నాడు హెలెన్‌తో.

తర్వాత నెలల పాటు నా గుమ్మం ముందు ఏ బండి ఆగినా ప్రాణం పోయేది. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఈ రోజుకూ తెలియదు. కానీ హెలెన్ దేశం దాటిన వారానికే కొండమ్మ పెద్దమ్మను బంగళా ఖాళీ చేయమన్నారు. తలుపును ఇటుకలతో మూయించారు. ఆమె బోటాటౌంగ్‌లో చెల్లెలి కూతురి గదిలో ఒక మూల సర్దుకుంది. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి అడిగాను: "అన్నీ తెలిసి అప్పుడెందుకు చెప్పావు పెద్దమ్మా? నీకు భయం వేయలేదా?"

ఆమె చింతచిగురు ఏరుతోంది. తలెత్తలేదు. "నా తమేన్ తడిసిపోనాది. నువ్వు సూసుకోనేదు" అంది. "అదిగాని, ఆవిడ సముద్రం దాటొచ్చి అడిగింది గదా. మళ్ళీ ఎవులొస్తారు, ఎవులడుగుతారు? నాను పోతే సెప్పీవోళ్ళేరి?"

హెలెన్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. భోజనాల హాలులోని ఆ బొమ్మ కింద రాసిన మాటలు మార్చడానికి తన వాళ్ళు ఒప్పుకోలేదట. వంశ చరిత్ర పుస్తకంలో మాత్రం ఒక కొత్త పేజీ తనే రాసి చేర్చిందట. పాత పుస్తకంలో 'ఆయా' అని ఉన్న చోట ఇప్పుడు పేరుంది. ఆ పేజీ చదివి వినిపించాను. పెద్దమ్మ ఆ ఒక్క పేరు ఇంగ్లీషులో ఎలా పలుకుతారో మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. "స న్యా స మ్మ" అని నేను సాగదీస్తే, "అలక్కాదు, ఆళ్ళు సదివినట్టు సదువు" అని నవ్వింది. కిందటి వానాకాలం చివర ఆమె పోయింది. నలుగురమే ఉన్నాం మోయడానికి.

నేను ధైర్యవంతుణ్ణి కాలేదు. ఇప్పటికీ దారులు మారుస్తూనే ఇంటికి వెళ్తాను. పోయిన నెల ఒక తెలుగావిడ వచ్చింది. సైన్యం పట్టుకుపోయిన కొడుకు గురించి వార్డు కార్యాలయంలో చెప్పుకోవాలి, బర్మీలో తడబడుతోంది, తోడు రమ్మంది. వెళ్ళాను. బల్ల అవతల ఉన్నవాడు మమ్మల్ని కూర్చోమనలేదు. ఆమె, తన కొడుకును ఎవరు కొట్టారో, ఏ బండిలో ఎక్కించారో, ఆ బండిలో ఎవరిని గుర్తుపట్టిందో చెప్పడం మొదలుపెట్టింది. చివరి పేరు పైకి పలకడానికి అందరూ భయపడే మనిషిది, వినగానే దాన్ని మింగేయాలనిపించింది. మింగేస్తే ఎవరికీ తెలిసేది కాదు, ఆమెకు కూడా. బల్ల అంచు పట్టుకుని ఆ పేరుతో సహా చెప్పాను. అతను కలం ఆపి నా ముఖంలోకి చూశాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.