రెండో డికాషన్ లేని మిషను

కాఫీ మిషను కొనాలన్నది నా ఒక్కదాని పట్టుదల. ఇంట్లో ఇంకెవరికీ దాని అవసరం కనిపించలేదు. వాళ్ళకి ఎప్పుడూ మొదటి డికాషనే దొరికింది మరి.

మా అత్తవారిల్లు అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దగ్గర్లో ఉంది. పొద్దున్నే ఇత్తడి ఫిల్టర్లో పొడి వేసి మరిగిన నీళ్ళు పోస్తే ముందు దిగేది మొదటి డికాషన్. నల్లగా, చిక్కగా ఉంటుంది. అది మామగారికి, మా ఆయనకి, బెల్లం బేరానికి వచ్చి వీధి గదిలో కూర్చునే షావుకార్లకి. ఆ తరవాత అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. ఎర్రటి నీళ్ళు. అది నాకూ, పనిమనిషికీ. అత్తగారు మొదటిదే తాగేది. తను కోడలిగా ఉన్నప్పుడు రెండోదే తాగానని గొప్పగా చెప్పేది, అక్కడితో తన వంతు తీరిపోయినట్టు.

ముప్ఫై ఏళ్ళు, రోజుకి రెండుసార్లు, నేను ఆ ఎర్రనీళ్ళు తాగాను.

కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి నోరు విడిచి అడిగాను.

"అత్తయ్యా, ఇయ్యాల మొదటిది కొంచెం కలుపుకుంటాను."

"వద్దు. వేడి చేత్తాది. పిల్ల నల్లగా పుడతాది" అంది.

పిల్ల నల్లగానే పుట్టింది. ఆ తొమ్మిది నెలలూ నేను తాగింది రెండోదే అని ఎవరికీ గుర్తు రాలేదు. నా రంగు వచ్చిందన్నారు.

ఆ పిల్లని చూడడానికి మా నాన్న బుచ్చయ్యపేట నుంచి బస్సులో వచ్చాడు. నాన్నకి అక్కడ చిన్న ధాన్యం కొట్టు ఉండేది. ఎండలో వచ్చి హాల్లో కూర్చున్నాడు. నేను కాఫీ కలపబోతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించకుండానే, "మొదటిది షావుకార్లకి ఉంచు. బుచ్చయ్యపేటోళ్ళకి కాఫీ రుచేటి తెలుత్తాది? రెండోది కలిపీ" అంది. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నా చేతులతోనే కలిపాను. నా చేతులతోనే తీసుకెళ్ళి ఇచ్చాను. నాన్న చివరి చుక్క దాకా తాగి, గ్లాసు తనే పెరట్లోకి తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. ఆ తరవాత ఎప్పుడు వచ్చినా, నేను లేవబోయేసరికి, "ఇప్పుడే బస్టాండులో తాగొచ్చేనమ్మా" అనేవాడు. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ మా ఇంట్లో కాఫీ ముట్టుకోలేదు.

నాన్న ఇప్పుడు లేడు. మామగారూ అత్తగారూ కూడా లేరు. అత్తగారు పోయాక ఆవిడ కాఫీ నా దాకా వస్తుందనుకున్నాను. రాలేదు. మా ఆయన అక్కగారు, నాకు వదిన, మా వీధి చివరే ఉంటుంది. తల్లి దినాలయిన మర్నాటి నుంచి ఆరున్నరకల్లా వచ్చి, తల్లి కూర్చునే కుర్చీలో కూర్చుని, తల్లి కప్పులోనే తాగడం మొదలుపెట్టింది.

"ఫిల్టరు నీ చేతిలోనే ఉంది కదా, ముందే కలుపుకుని తాగేస్తే ఎవరు చూడొచ్చారు?" అని తెలిసినవాళ్ళు అడుగుతారు. నా ఇంట్లో నేను దొంగతనంగా తాగడమేమిటి? నాకు కావలసింది ఎవరైనా ఒక్కసారి "నువ్వు ముందు తాగు" అనడం. ముప్ఫై ఏళ్ళలో ఎవరూ అనలేదు. ఇంక అనరని తేలిపోయింది.

అలాంటప్పుడు విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. హోటల్లో టిఫిన్ల దగ్గర ఒక మిషను పెట్టారు. దాని నెత్తిన గాజు గిన్నె, అందులో కాఫీ గింజలు. మీట నొక్కితే గరగరమని గింజలు నలిగి, కింద పెట్టిన కప్పులోకి డికాషన్ దిగుతోంది. తరవాత మనిషి నొక్కితే మళ్ళీ గరగర, మళ్ళీ కొత్త పొడి. నేను కాసేపు పక్కన నిలబడి చూశాను. పెళ్ళికొడుకు మేనమామ తాగాడు, కారు డ్రైవరు తాగాడు, ఎంగిలి ప్లేట్లు తీసే ఆవిడ కూడా వచ్చి నొక్కుకుని తాగింది. అందరికీ మొదటిదే. నేను మూడుసార్లు వరసలో నిలబడి మూడు కప్పులు తాగాను. మా ఆయన వచ్చి, "ఏటే, ఫ్రీ అని తాగేత్తన్నావా?" అని పదిమందిలో నవ్వారు. అది కూడా నాకు గుర్తుంది.

ఇంటికి వచ్చినప్పటి నుంచి అదే పాట పట్టుకున్నాను. కొన్ని నెలలు విని, విసిగి, మా ఆయన మెయిన్ రోడ్డులో ఉన్న ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుకి తీసుకెళ్ళారు. వదిన కూడా వచ్చింది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

అక్కడ గ్రైండరు ఉన్నవి రెండు రకాలు ఉన్నాయి. సేల్స్‌మన్ నావైపు ఒకసారి చూసి, ఆ తరవాత అన్నీ మా ఆయనకే చెప్పాడు.

"సార్, ఇది జగ్గు మోడలు. గింజలు పైన పోసేత్తే అదే పొడి చేసుకుని, ఒకేసారి పది కప్పుల డికాషను జగ్గులోకి దింపేత్తాది. ఇదేమో కప్పు మోడలు. ఏ కప్పుకా కప్పు గింజలు ఆడుకుంటాది."

"చికోరీ ఎక్కడెయ్యాలి?" అన్నారు మా ఆయన.

"చికోరీ వెయ్యకూడదు సార్. గ్రైండరు పట్టేత్తాది."

"చికోరీ లేకపోతే అది కాఫీ ఏటయ్యా?"

నాకు చికోరీ గొడవ లేదు. నేను అడగాలనుకున్నది ఒక్కటే.

"ఒకసారి డికాషను దిగిపోయేక ఆ పొడి ఏటవుతాది?"

ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న వేసినట్టు లేదు. అతను కాస్త ఆలోచించి, "కప్పు మోడల్లో అయితే పిండేసి, బిళ్ళలాగ చేసి, లోపలున్న డబ్బాలో పడేత్తాదండి. మళ్ళీ పనికిరాదు. జగ్గు మోడల్లో బుట్టలోనే ఉండిపోతాది. మీరే తీసి పారెయ్యాల" అన్నాడు.

"అయితే నాకు కప్పుదే కావాలి" అన్నాను.

వదిన అందుకుంది. "ఒక్కో కప్పా? ఆరుగురు షావుకార్లు వచ్చేరనుకో, ఆరోవాడు కాఫీ తాగేసరికి భోజనాల వేళవుతాది. బేరం పక్క కొట్టుకి ఎల్లిపోతాది."

సేల్స్‌మన్ నవ్వాడు. మా ఆయన అతని కంటే ఎక్కువ నవ్వారు. నేను నవ్వలేదు. "కప్పుదే" అని మళ్ళీ అన్నాను. "సరేలే, నీకు నచ్చిందే. నువ్వు ఆటోలో ఇంటికెళ్ళి వంట చూడు, నేను బుక్ చేసొత్తాను" అన్నారు. ఆ మాట నమ్మి ఆటో ఎక్కాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తప్పు అదొక్కటే.

సాయంత్రం అట్టపెట్టె ఇంటికి వచ్చింది. దాని మీద పెద్ద బొమ్మ. జగ్గు.

"ఇది కాదు కదా నేను చెప్పింది?"

"అక్క ఆలోచించి చెప్పిందే. మనింటికి వచ్చేపోయే జనానికి ఇదే నయం."

"మరి నేను ఆలోచించలేదా?"

"రెంటికీ గ్రైండరుంది కదా. ఏటి తేడా?"

తేడా ఏమిటో చెప్పాను. ఎర్రనీళ్ళ గురించీ, పిల్ల రంగు గురించీ, నాన్న కడిగి బోర్లించిన గ్లాసు గురించీ మొదటిసారి వరసగా, ఆపకుండా చెప్పాను. ఆయన క్రికెట్టు చూస్తూ విన్నారు. ఓవరు అయ్యాక, "ఎప్పటి మాటలే అవి!" అన్నారు.

మర్నాడు పొద్దున్న మిషను మొదలుపెట్టాం. గ్రైండరు తిరగగానే వదిన ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచింది. జగ్గు నిండా నల్లటి డికాషన్ దిగింది. ఆ రోజు షావుకార్లు నలుగురు వచ్చారు. వాళ్ళు మెచ్చుకున్నారు, మా ఆయన రెండు కప్పులు తాగారు, వదిన తల్లి కప్పుతో తాగింది. జగ్గు ఖాళీ అయింది. సరే, ఇప్పుడు కొత్తగా గింజలు ఆడించుకుని నేనూ తాగుదామని, బుట్ట తీసి తడిపొడి చెత్తబుట్టలో వెయ్యబోయాను.

"అయ్యయ్యో, పారేత్తన్నావేటి? ఇంకా బోలెడు సారం ఉంది దాంట్లో" అంది వదిన, గుమ్మంలో నిలబడి.

"గింజలు ఆడకుండా నీళ్ళు దిగవు" అన్నాను. మిషను మీద నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

"ఎందుకు దిగవు?" అంటూ మా ఆయన లోపలికి వచ్చారు. రాత్రి కూర్చుని, మిషనుతో వచ్చిన పుస్తకం అంతా చదివారట. "ఇదిగో, ఈ మీట నొక్కితే గ్రైండరు తిరగదు. నీళ్ళు పోత్తే చాలు." నా చేతిలోంచి బుట్ట తీసుకుని లోపల పెట్టి, నీళ్ళు పోసి, మీట నొక్కారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడూ ఫిల్టరు ముట్టుకోని మనిషి. నాకు రెండోది దింపి పెట్టడానికి మొదటిసారి వంటింట్లోకి వచ్చారు.

జగ్గులోకి ఎర్రనీళ్ళు దిగాయి. గరగర చప్పుడు కూడా లేదు.

నేను తాగలేదు. ఆ రోజే కాదు, నాలుగు రోజులు ఇంట్లో కాఫీ ముట్టుకోలేదు. తల పగిలిపోయేది. నా కాఫీ ఏమైందని అడిగినవాళ్ళు లేరు. నా వంతు కూడా పనిమనిషే తాగేసింది. దానిది పక్కనున్న తుమ్మపాల ఊరు. పాతికేళ్ళుగా నాతోపాటు రెండోదే తాగుతోంది.

అయిదో రోజు మార్కెట్టు సెలవు. షావుకార్లు రారు. పొద్దున్నే లేచి గింజలు పోసి గ్రైండరు తిప్పాను. రెండు కప్పులకి సరిపడా నీళ్ళే పోశాను. దిగిన డికాషన్లో పాలు కలిపి, ఒకటి నేను తీసుకుని, ఒకటి పనిమనిషికి ఇచ్చాను. ఇద్దరం పెరటి మెట్ల మీద కూర్చున్నాం. అది ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"ఒలమ్మా, ఇదేటమ్మా ఇయ్యాల ఇంత సిక్కగుంది? పొడి ఎక్కువడిపోనాదేటి?"

"లేదు. ఇది మొదటిది."

"మరి బాబుగారికో?"

"వాళ్ళకి రెండోది."

అది గుమ్మం వైపు చూసింది. "నాకెందుకమ్మా మజ్జిలో ఈ గొడవ? నాను తాగినట్టు సెప్పకండి" అంది. కానీ గ్లాసు కింద పెట్టలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా, చివరిదాకా తాగింది. నేనూ తాగాను. ఎలా ఉందని అడిగితే చెప్పలేను. కోపంగా తాగినదానికి రుచి తెలియదు.

ఆ తరవాత మా ఆయన చూపించిన మీటే నొక్కి, నీళ్ళు పోసి, రెండోది దింపాను. పాలు కలిపి, వదినకి తల్లి కప్పులో, ఆయనకి ఆయన గ్లాసులో పోసి ఇచ్చాను. ఇచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళు ఏమంటారో, దానికి నేనేమనాలో నాలుగు రోజులుగా తయారు చేసుకుని ఉన్నాను. కప్పు విసిరికొడితే ఒక జవాబు. ముఖం చిట్లిస్తే ఒక జవాబు. నాన్న పేరు ఎక్కడ ఎత్తాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

మా ఆయన ఫోను చూసుకుంటూ తాగి, ఖాళీ గ్లాసు ముందుకి చాపి, "ఇంకో అరగ్లాసు ఉందేటి?" అన్నారు.

వదిన పేపరు పక్కన పెట్టి, "ఇయ్యాల కుదిరింది. మొన్నటిది మరీ చేదు. మిషను ఇప్పటికి అలవాటు పడ్డాది" అంది.

నేను తయారు చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"అది రెండోది" అన్నాను.

"ఏది?"

"ఇప్పుడు మీరిద్దరూ తాగింది. మొదటిది నేను తాగేను."

వదిన కప్పులోకి తొంగిచూసి, "నాకు అనుమానం వచ్చింది" అంది. రాలేదు. నేను ముఖం చూస్తూనే ఉన్నాను. మా ఆయన మాత్రం, "ఏదైతే ఏటే, కాఫీయే కదా. దానికి ఇంత నిలబడి చెప్పాలా?" అన్నారు.

పోనీ ఒక్కరైనా ఉమ్మేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మంచిదని తెలిసి, మంచిది కాబట్టి వాళ్ళు ఉంచుకున్నారు అనుకునేదాన్ని. వాళ్ళకి తేడాయే తెలియదు. తెలిసినవాళ్ళం నేనూ, పనిమనిషీ, మా నాన్నా. తేడా తెలియనివాళ్ళు తాగడానికి, తెలిసినవాళ్ళం ముప్ఫై ఏళ్ళు వడకట్టి ఇచ్చాం. ఏదైతే ఏమిటి అనే మాట, అంత సుఖంగా, మా నాన్న హాల్లో కూర్చున్న రోజున మా ఆయన అని ఉండాల్సింది. అప్పుడూ ఆయన ఆ హాల్లోనే ఉన్నారు.

అరగ్లాసు పోసి ఇచ్చాను. రెండోదే.

మర్నాటి నుంచి వదినకి తేడా తెలియడం మొదలైంది. తల్లి కుర్చీ వదిలేసి, వంటింట్లో మిషను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటోంది. గ్రైండరు తిరిగే చప్పుడు విన్నాకే కప్పు ముందుకి పెడుతోంది. ఆరున్నరకి వచ్చే మనిషి ఆరింటికి వస్తోంది, నిన్న అయిదున్నరకే వచ్చింది. నేను అయిదింటికి లేస్తున్నాను. ఆవిడ గేటు తీసేసరికి నేనూ పనిమనిషీ తాగడం అయిపోతోంది. చీకటితో ఆ గరగర ఏమిటి, నిద్ర పాడవుతోంది, ఆ కప్పు మోడలే తెచ్చి ఉంటే చప్పుడు తక్కువట అని మా ఆయన అంటున్నారు. షాపువాళ్ళు మార్చి ఇస్తారేమో కనుక్కుంటానన్నారు.

అక్కర్లేదని చెప్పాను.