గన్నవరం నుంచి విశాఖకి అమ్మతో

మా పిన్ని పెళ్లయి విశాఖపట్నం వెళ్లిన దగ్గర్నుంచి, ఏటా మామిడి కోతలు అయిపోగానే అమ్మ ఆవిణ్ణి చూడ్డానికి బయల్దేరేది. ఆగిరిపల్లి తోటల్లో పనిచేసిన చేతుల మీద సొన మరకలు ఇంకా పోకముందే ప్రయాణం. బుట్టలో ఎండుగడ్డి పరిచి చిన్నరసాలు సర్దేది. నన్ను వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో, అక్కణ్ణించి పాసింజర్ రైల్లో. రోజంతా పట్టేది.

ఏలూరు దాటేదాకా అమ్మకి ఇంటి ధ్యాసే. గేదెకి కుడితి పెట్టారో లేదో, నాన్న అన్నం వండుకున్నాడో లేదో. గోదావరి దాటాక ఆ గొడవ వదిలేసి, ఎదుటి సీట్లవాళ్లకి తలో పండూ పంచేది. తుని దగ్గర కొండలు కనపడేసరికి పిన్ని చిన్నప్పటి కబుర్లు మొదలయ్యేవి. అనకాపల్లి వచ్చేసరికి అమ్మ నాకు అమ్మలా ఉండేది కాదు, పిన్నికి అక్కలా ఉండేది.

కిందటి వేసవిలో పిన్నికి మోకాలి ఆపరేషన్ అయింది. నేను నూజివీడులో టీచర్ని, అమ్మ నా దగ్గరే ఉంటుంది. నడుం నొప్పితో రైల్లో అంతసేపు కూర్చోలేదని గన్నవరం నుంచి విమానానికి టికెట్లు తీశాను.

"ఎంతసేపే?" అంది.

"గంటో, అంతకన్నా తక్కువో."

"పక్కనున్న ముసునూరు వెళ్లి రావడానికే అంత పడుతుంది కదే!"

విమానం లేవగానే కిటికీకి ముఖం ఆనించింది. "మన తోటలేవి?" అని అడిగింది. అంతా ఒకటే పచ్చదనం. నాకూ తెలియలేదు. కాసేపటికే దిగుతున్నామని మైకులో చెప్పారు.

"రాజమండ్రా?" అంది అమ్మ.

"వైజాగే అమ్మా. అదుగో సముద్రం."

సామాను తీసుకుని బయటికి నడుస్తుంటే అమ్మ ఉన్నట్టుండి ఒక కుర్చీలో కూలబడింది. నాకు భయమేసింది.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదులే. కాసేపు ఉండవే. ఇంత తొందరగా వచ్చేస్తామనుకోలేదు. మీ పిన్ని నెప్పితో ఏడుస్తుంటే నేను చూడగలనా?"

పక్కన కూర్చున్నాను. తర్వాత, "చిన్నప్పుడు పిన్ని తోటలో తప్పిపోయిన సంగతి చెప్పమ్మా" అన్నాను. ఎన్నోసార్లు విన్నదే. అయినా అమ్మ చెప్పింది. తోటంతా వెతికారట. కాయలు మాగేసిన గడ్డి పక్కన, మూతి నిండా రసంతో పిన్ని నిద్రపోతోందట. అందరికన్నా ముందు అమ్మే చూసిందట. చెబుతూ చెబుతూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. మా విమానంలో వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. అప్పుడు లేచి, "పద" అంది.

మేం వెళ్లేసరికి పిన్ని ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి తెల్లబోయింది.

"అప్పుడే వచ్చేశావేంటక్కా? సాయంత్రానికి వస్తావనుకున్నాను. ఇంకా తల కూడా దువ్వుకోలేదు."

"నేనున్నానుగా" అంటూ అమ్మ దువ్వెన అందుకుని, పిన్ని వెనక మంచం ఎక్కి కూర్చుంది. నడుం సంగతే మర్చిపోయింది. నెరిసిన ఆ జుట్టుని పాయలు తీస్తూ, కట్టున్న మోకాలి వైపు ఒక్కసారి చూసి, "ఇంత సన్నబడ్డావేంటే?" అని మెల్లగా అడిగింది.