రెండు వేళ్ల ఎత్తు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చున్నది ఒక మోటారు సైకిలు సీటు. నవ్వొస్తే నవ్వండి. నేనైతే ఈ ఒక్క ముక్క రాయగానే లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా పెట్టాను. నా బతుకు ఇట్లా తయారైంది. మా బావ "ఒక మాట అడగాల్రా" అంటే చాలు, నా నోట్లో తడి ఆరిపోతుంది. ఆయన అడిగేది గ్యాస్ బండ గురించో, అక్క బీపీ గోలీల గురించో అయి ఉంటుంది. కానీ ఆ మాటకూ దాని తర్వాతి మాటకూ నడుమ ఉన్న కాసేపట్లో నేను చచ్చి బతుకుతాను. మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్మల్ని ఎరుగను. అందుకే మీకు చెబుతున్నాను. మొత్తం చెప్పగలనా? ఏమో, చూద్దాం.

మాది సిద్దిపేట. మా బావ పశువుల దవాఖానలో కాంపౌండరు. రోజూ రాయపోల్ దాకా పోయి రావాలి. దారి పొడుగునా ఆగడమే ఆయన పని. ఒక దొడ్డి దగ్గర బర్రెకు సూది, ఇంకో దొడ్డి దగ్గర మేకలకు మందు. పొట్టి మనిషి. మాట కూడా పొట్టిదే. పాత మోపెడ్ మీద తిరిగేవాడు, దానితో ఆయనకు ఏ పేచీ లేదు. పెళ్లయిన చాలా ఏళ్లకు కూడా కడుపు పండక, అక్కను హైదరాబాదులో ఒక డాక్టరమ్మకు చూపించడం మొదలుపెట్టారు. నెలకొకసారి పోయి రావాలి. అప్పుడు బావ నన్ను పిలిచి, రోజూ ఊళ్లు తిరగడానికీ అప్పుడప్పుడు హైవే మీద ఇద్దరూ దూరం పోవడానికీ పనికొచ్చే మధ్యరకం బండి ఒకటి చూడమన్నాడు.

నన్నే ఎందుకు అడిగాడు? బండ్ల గురించి నాకు తెలిసినంత సిద్దిపేటలో ఇంకెవరికీ తెలియదని నేనే డబ్బా కొట్టుకునేవాడిని కాబట్టి. ఏ బండి ఎంత లాగుతుంది, ఏది ఎక్కడ వేడెక్కుతుంది, ఏది దూరం పోతే చేతులు తిమ్మిరెక్కిస్తుంది, అన్నీ నోటికి వచ్చేవి. ఒక్కటే లేదు. బండి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, పొద్దున లేస్తే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ శిబిరంలో ఉండేవాడిని. ఉద్యమం మీద నా ప్రేమ దొంగది కాదు, ఆ మాట కూడా చెప్పనివ్వండి. కానీ బైకు ర్యాలీ అంటే నాకు లోపల ఒక మంట. నంబరు ప్లేటు మీద ఏపీ గీకేసి టీజీ రాసుకున్న బండ్లు వరుసగా రాజీవ్ రహదారి ఎక్కుతుంటే, నేను ఎవడో ఒకడి వెనక కూర్చొని జెండా పట్టుకునేవాడిని. ముందు కూర్చునే రోజు రాదా అని ఏడ్చేవాడిని. కరీంనగర్, కాళేశ్వరం, శ్రీశైలం... పోని దారులన్నీ నాకు కంఠతా వచ్చు.

అట్లాంటివాడి చేతిలో ఒక అమాయకుడు తన బండి పెట్టాడు.

షోరూములో రెండు బండ్లు తేలాయి. ఒకటి చిన్నది, సీటు కిందికి ఉండేది. బావ ఎక్కగానే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాయి. "గిది మంచిగుందిరా" అన్నాడు, ముఖం ఇంత చేసుకొని. నా ప్రాణం ఉసూరుమంది. పక్కనే నేను కోరుకున్నది ఉంది. ఎత్తు సీటు, వెడల్పు ట్యాంకు, హైవే కోసమే పుట్టిన బండి. బావను దాని మీద ఎక్కించాను. కాలి వేళ్లు మాత్రమే నేలను తాకాయి.

"కాళ్లు అందుతలేవురా."

"నాలుగు రోజులు నడిపితే అలవాటైతది బావా."

"నేను ఆడాడ ఆగాలె గదా. గింత ఎత్తుంటే ఎట్ల?"

"రోజు సంగతి కాదు బావా, హైవే సంగతి సూడు. పక్కనుంచి లారీ పోతే గా చిన్నబండి ఊగుతది. వెనుక కూసునేది ఎవలు? అక్క. అక్క నడుము సంగతి సూడొద్దా?"

బావ బండి దిగి బిల్లు రాయమన్నాడు. అక్క నడుము పేరెత్తితే ఆయన కాదనడని నాకు తెలుసు. తెలిసే ఎత్తాను. నేను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు, లారీ గాలికి చిన్నబండి ఊగుతుంది, దూరం పోతే నడుము పడుతుంది, ఇదంతా నిజమే, ఆ నిజాలన్నీ పోగుచేసి నా కోరిక ముందు గోడ కట్టానంతే. ఇది ఇంకా నేను దాచిన తప్పు కాదు. ఇంతవరకైతే ఎవరి ముందైనా ఒప్పుకునేవాడిని. "కుర్రతనం" అని తీసిపారేసేవారు.

తప్పు తర్వాత జరిగింది. నెల తిరక్కముందే బావ బండిని దొడ్ల దగ్గర ఒకటికి రెండుసార్లు పక్కకు పడేశాడు. దెబ్బలేమీ లేవు. ఒకరోజు నన్ను పిలిచి, సీట్లు కుట్టే దుకాణాల్లో ఫోమ్ కోసి సీటు దించుతారట, పోయి ఆ పని చేయించుకొని రమ్మన్నాడు. చాంద్ భాయ్ దగ్గరికి బండి తీసుకుపోయాను. పాత బస్టాండు వైపు సీట్లు కుట్టే ఆయన. చూశాడు, సీటు నొక్కాడు. "హో జాతా భాయ్, అయిపోతది. రెండు వేళ్ల ఫోమ్ తీస్తే చాలు, మీ బావ కాళ్లు ఆనుతయి. అర్ధగంట పని" అన్నాడు. నేను ఏమన్నాను? మళ్లీ వస్తానన్నాను. ఇంటికి వచ్చి బావతో, "ఈ బండి సీటు కోయరాదట బావా, కోస్తే పాడైతదని చాంద్ భాయే చెప్పిండు" అన్నాను.

ఎందుకంటే ఆదివారాలు ఆ బండి నాది. బావ ఒక్కసారి కూడా కాదనలేదు. కరీంనగర్ దాకా పోయి వచ్చేవాడిని, ర్యాలీలో ముందు వరుసలో ఉండేవాడిని. ఆ ఫోమ్ పలుచనైతే దూరం పోయినప్పుడు కింద ఇనుము తగులుతుంది. నా పిర్రలు నొప్పి పుడతాయి. ఇదీ కారణం. ఛీ! ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు. ఇదే.

ఆ మధ్యనే అక్క నీళ్లు పోసుకుంది. ఇంట్లో అందరం గట్టిగా నవ్వడానికి కూడా భయపడ్డాం, దిష్టి తగులుతుందని. అయిదో నెల నడుస్తుండగా సమ్మె మొదలైంది. బస్సులు డిపో దాటడం లేదు. డాక్టరమ్మ చూడాల్సిన రోజు వచ్చింది. రెండు రోజులు ఆగుదామని బావ అన్నాడట, అక్కే బయలుదేరదీసింది. ఎవరో జీపు మాట్లాడతామన్నారు, అదీ దొరకలేదు. ఇద్దరూ బండి మీద పోయారు. నేను సిద్దిపేటలో శిబిరంలో కూర్చొని నినాదాలు ఇస్తున్నాను.

గజ్వేల్ దాటినాక రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, నడుమ పొయ్యిలు. బావను చూసి, వెనుక కూర్చున్న అక్కను చూసి, వాళ్లే లేచి రాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఆ దారి రోడ్డు అంచున, కిందికి వాలుగా ఉంది. ఎవరో పిల్లది గిన్నె పట్టుకొని అడ్డం రావడంతో బావ ఆపాడు. నెమ్మదిగానే ఆపాడు. ఎడమ కాలు దించాడు. కాలికి నేల దొరకలేదు. బండి ఎడమకు ఒరిగింది. అక్క అటువైపే కాళ్లు వేసుకొని కూర్చొని ఉంది. వంట వదిలేసి ఊరంతా ఉరికి వచ్చిందట, ఎత్తి జీపులో వేసుకొని దవాఖానకు తీసుకుపోయిందట. అక్క బతికింది. లోపలి ప్రాణం నిలవలేదు. మళ్లీ కడుపు పండలేదు.

దవాఖాన వరండాలో బావ నా భుజం పట్టుకున్నాడు. ఆయనకు ఒక్క కాలికే చెప్పు ఉంది. "నేను సక్కగనే ఆపిన్రా. ఎందుకు పడ్డది?" అని అడిగాడు. చెప్పాల్సింది అప్పుడే. అంతకన్నా మంచి అదను మళ్లీ రాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు, అందుకే ఎంత భయమేసిందంటే, నా నోరు నాకన్నా ముందు ఉరికింది. "నువ్వు భయపడ్డవు బావా. గంతే. బండి మంచిదే" అన్నాను.

ఆయన నమ్మాడు. అందరూ నమ్మారు. "బండి ఆపుడు రానోడికి గంత బండెందుకు" అని మా అవ్వ అన్నది. చుట్టాలు అన్నారు. కొందరు రాళ్లు పెట్టినవాళ్లను తిట్టబోతే బావ ఊరుకోలేదు, "వాళ్లు తొవ్వ ఇచ్చిన్రు, నాకే నడపరాలే" అన్నాడు. చివరికి ఒకసారి ఏదో పంతంలో అక్క కూడా ఆ మాట అనేసింది. బావ తింటున్న కంచం ముందు నుంచి లేవకుండా, తల వంచుకొని అన్నం పూర్తి చేశాడు. నేను పక్కనే కూర్చొని తింటున్నాను. నా ముద్ద కూడా దిగింది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది, దిగడం.

ఆయన మళ్లీ బండి ముట్టలేదు. "నువ్వే తీస్కపో, నాకొద్దు" అని తాళం నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. వద్దని ఒక్క మాటైనా అనలేదు. కాళేశ్వరం పోయాను, శ్రీశైలం పోయాను. బాగుందా అంటే బాగుంది. ఆ మాట దాచితే ఈ రాత అంతా దండగ. సిగ్నలు దగ్గర ఆగి కాలు కింద పెట్టినప్పుడు మాత్రం, పాదం ఆనిన చోటును ఒకసారి వంగి చూసుకునేవాడిని.

భయం మాత్రం చాంద్ భాయ్ రూపంలో ఊళ్లోనే తిరుగుతూ ఉంది. బావ రోజూ రాయపోల్ బస్సెక్కడానికి ఆ దుకాణం ముందు నుంచే నడిచి పోవాలి. ఒక్క రోజు ఆగి, "భాయ్, ఆ బండి సీటు నిజంగనే కోయరాదా?" అని అడిగితే చాలు, నా పని ఖతం. నేను ఆ వీధి మానేశాను. అటువైపు గుడికి దండం పెట్టడానికి పోవాల్సి వచ్చినా చుట్టు తిరిగి పోయేవాడిని. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీద ఎగురుతుంటే, రంగుల్లో మునిగిన చాంద్ భాయ్ ఎదురుపడి అలాయ్ బలాయ్ అంటూ నన్ను కౌగిలించుకున్నాడు. భయంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అందరూ ఆనందబాష్పాలు అనుకున్నారు.

మొన్న అక్క స్కూటీ కొన్నది. ఈ వయసులో ఏందే అంటే, "మీ బావను ఎన్నొద్దులు బస్సుల కోసం నిలవెట్టాలె? నేనే దింపుత" అన్నది. ఆమె కూడా పొట్టిదే. సీటు కొంచెం దించాలి, ఎవరి దగ్గర చేస్తారో నీకే తెలుసు, తీసుకపో తమ్మీ అన్నది. తప్పించుకోవడానికి ఎన్ని సాకులు వెతికానో! లాభం లేకపోయింది. పోయాం. చాంద్ భాయ్ గడ్డం తెల్లబడింది. నన్ను చూశాడు. నేను అక్క వెనక్కి జరిగాను. "కూసో బేటీ, కాళ్లు కింద పెట్టు" అని అక్కతో అన్నాడు, కొలత చూసుకున్నాడు, ఫోమ్ కోశాడు. అంతే. ఆయనకు నేను గుర్తు లేను. ఎన్ని వేల సీట్లు చూసిన మనిషి! ఇన్నేళ్లు ఎవరికి భయపడి వీధులు మార్చానో ఆయనకు నా ముఖమే యాది లేదు. తిరిగి వస్తుంటే ఒళ్లంతా తేలికైంది. ఇక ఎవరికీ తెలియదు అనుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

ఇంటి ముందు బావ నిలబడి ఉన్నాడు. అక్క స్కూటీ ఆపి, రెండు పాదాలూ నేలకు ఆనించి చూపించింది. బావ వచ్చి అరచేత్తో సీటు నొక్కి చూశాడు.

"అర్ధగంట పట్టలే" అన్నది అక్క. తర్వాత ఆమె ముఖం మారింది. "గీ పని గప్పుడు నీకెందుకు తట్టలే?"

బావ చెయ్యి సీటు మీదే ఉంది. నా వైపు చూడలేదు. "తట్టలే" అన్నాడు. లోపలికి పోయి మంచినీళ్లు తాగాడు.

ఆయన ఎందుకట్లా అన్నాడు? కోయరాదట అని నేను చెప్పిన మాట మరిచిపోయాడా? అది మరిచిపోయే మాటా? ఏనాడో చాంద్ భాయ్‌ని అడిగి, తెలుసుకొని, అక్కకు తమ్ముడు లేకుండా పోతాడని మింగేశాడా? అయితే ఎప్పటి నుంచి? నా చేతిలో తాళం పెట్టినప్పటికే తెలుసా? నేను ఆయన ఇంట్లో తిన్న ప్రతి ముద్దనూ ఆయన తెలిసే చూస్తున్నాడా? ఆలోచించినకొద్దీ చెమట పడుతోంది. ఆయన్ను అడిగే ధైర్యం నాకు లేదు. మీరు నన్ను క్షమించాలనీ లేదు, క్షమించడానికి మీరెవరు? కానీ ఒక మాట నోట్లోనే కుళ్లిపోతోంది. అక్క అడిగినప్పుడు అక్కడే నిలబడి మింగేసిన మాట. దాన్ని ఇక్కడ పెడుతున్నాను, పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతుందేమో.

తట్టింది అక్కా. బావకే తట్టింది. సీటు కోయించుకరమ్మని నన్ను తోలిండు. నేనే కోయించలే.